ఇంటర్‌కూలర్ పైపు ఎంత లావుండాలి: రెండించులా, రెండున్నరా, మూడా?

టర్బో బండి బానెట్ ఎత్తితే చాలు, పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు అనే మాట ఇది: "అన్నా, మూడించుల పైపు ఏసెయ్, బండి దూకుతది." నాలుగేళ్ల కింద నేనూ ఆ మాట నమ్మాను. నాది 1.8 లీటర్ల పెట్రోల్ టర్బో. పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజన్‌లోకి పోయేముందు చల్లబరిచేది) పెట్టిస్తూ ఒక షాపులో 76 ఎం.ఎం. అల్యూమినియం పైపు వేయించాను. చోటు చాలక బంపర్ లోపలి భాగం కోశారు, ఒక మలుపు దగ్గర పైపుని వంచకుండా రెండు ముక్కలు ఏటవాలుగా కోసి అతికించారు, పైపు చివర అంచు లేపకుండానే గొట్టం తొడిగి క్లిప్పు బిగించి పంపేశారు. వారం తిరగకముందే ఇంటిల్లిపాదీ మేడారం పోతుంటే తాడ్వాయి అడవి మధ్యలో ఆ జాయింటు ఊడింది. ఫట్‌మని శబ్దం, ఇంజన్‌లో పవర్ లేదు, చీకటి పడుతోంది, వెనక సీట్లో చిన్న పిల్లలు. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దనే ఇది రాస్తున్నాను. తర్వాత ఆ పైపులన్నీ తీసేసి లెక్క కట్టి మళ్లీ చేయించుకున్నాను, ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు ఒక విషయం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ఇంటర్‌కూలర్ దాటిన పైపులో గాలి ఎంత వేగంగా పారుతుందనేది మీ ఇంజన్ సీసీ, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో) నిర్ణయిస్తాయి. బూస్ట్, అంటే టర్బో గాలిని అదనంగా నొక్కే ఒత్తిడి, నిర్ణయించదు. ఇది విన్నప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు, బూస్ట్ పెంచితే గాలి ఎక్కువ పోతుంది కదా అనుకున్నాను. నిజమే, బరువులో ఎక్కువ పోతుంది. కానీ సిలిండర్ ప్రతి రెండు చుట్లకి ఒకసారి తన నిండా గాలి తీసుకుంటుంది, అంతే. ఆ గాలి నొక్కుకుని ఉంటే అదే చోటులో ఎక్కువ బరువు ఇముడుతుంది. పైపులో ఉన్నదీ దాదాపు అంతే నొక్కుకుని ఉన్న గాలి, కాబట్టి లీటర్లలో చూస్తే ఎంత సిలిండర్లోకి పోతుందో పైపులోనూ అంతే పారుతుంది.

మన రైతులకి ఇది వేరేగా చెప్పనక్కర్లేదు. బోరు రెండించుల నీళ్లు పోస్తుంటే దానికి మూడించుల డెలివరీ పైపు వేసినంత మాత్రాన నీళ్లు పెరగవు. అదే ఒకటిన్నర ఇంచుల పైపుతో అర కిలోమీటరు లాగితే అవతల మడికి చేరేసరికి ధార సన్నబడుతుంది. ఇంటర్‌కూలర్ పైపు కూడా అంతే: ఒక సైజు దాకా లావు పెంచితే లాభం కనిపిస్తుంది, ఆ పైన పెంచేదంతా డబ్బు, చోటు దండగ.

లెక్క ఇలా కట్టాలి

సీసీని ఆర్‌పీఎంతో గుణించి 1,20,000తో భాగించండి. వచ్చేది సెకనుకి ఎన్ని లీటర్ల గాలో. ఇంజన్ పూర్తిగా నిండదు కాబట్టి పెట్రోల్‌కి 0.95, డీజిల్‌కి 0.9తో మళ్లీ గుణించండి. ఆర్‌పీఎం అంటే మీ బండి నిజంగా తిరిగే గరిష్ఠం తీసుకోవాలి, మీటర్ మీద ఎర్ర గీత ఎక్కడుందో అది కాదు, గేరు మారేది ఎక్కడో అది.

నా బండికి: 1798 × 6200 ÷ 1,20,000 = సుమారు 93. దానికి 0.95 కడితే 88 లీటర్లు.

ఇప్పుడు పైపు లోపలి డయా సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.785తో గుణిస్తే పైపు నోరు ఎన్ని చదరపు సెంటీమీటర్లో వస్తుంది. లీటర్లని 10తో గుణించి ఆ అంకెతో భాగిస్తే గాలి వేగం, సెకనుకి మీటర్లలో.

లోపలి డయా అని ఊరికే నొక్కి చెప్పట్లేదు. షాపులో అల్యూమినియం పైపు సైజు చెప్పేది బయటి డయా. రెండించుల పైపు అంటే బయట 51 ఎం.ఎం., మందం 2 ఎం.ఎం. అయితే లోపల 47 మాత్రమే. రెండున్నర అంటే 63.5, లోపల 59.5. మూడించులంటే 76, లోపల 72. వెర్నియర్ (మిల్లీమీటర్లు కచ్చితంగా కొలిచే పనిముట్టు) పట్టుకెళ్లి మీరే కొలవండి, మందం ఒక్కో లాట్‌కి ఒక్కోలా ఉంటుంది.

నా 88 లీటర్లకి 51 పైపులో వేగం సెకనుకి 51 మీటర్లు, 57 (రెండుంపావు) పైపులో 40, 63.5లో 32, 76లో 22 మీటర్లు దాకా వచ్చింది. మరి ఎంత ఉంటే మంచిది? ధ్వని వేగంలో 0.4 వంతు, అంటే సెకనుకి దాదాపు 140 మీటర్లు, పైపుల్లో ఎప్పుడూ దాటకూడని హద్దుగా ఇంజన్ కట్టేవాళ్లు చెబుతారు. రోడ్డు మీద తిరిగే బండికి ఆ దరిదాపుల్లోకి కూడా పోనవసరం లేదు. గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గర 30 నుంచి 50 మధ్య ఉంటే హాయి అని నా అభిప్రాయం. 60, 70 దాకా వచ్చినా కంగారు పడక్కర్లేదు. 90 దాటితే మాత్రం ఒక సైజు పెంచండి. 25 కన్నా తక్కువ వస్తుంటే మీరు అవసరానికి మించిన లావు పైపు చూస్తున్నారని అర్థం.

ఈ లెక్కని మన దగ్గర ఎక్కువగా తిరిగే బండ్లకి పెట్టి చూడండి. 1.5 లీటర్ల డీజిల్ 4000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 45 లీటర్లు తీసుకుంటుంది, 51 పైపులో అది 26 మీటర్లే. అంటే రెండించులే దానికి ఎక్కువ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ 5500 దగ్గర 52 లీటర్లు, 51 పైపులో 30 మీటర్లు. మా బావమరిది స్కార్పియో 2179 సీసీ డీజిల్, 4000 దగ్గర 65 లీటర్లు, 51 పైపులో 38 మీటర్లు. దానికి కూడా రెండించులు సరిపోతుంది, మరీ కావాలంటే రెండుంపావు. రెండు లీటర్ల పెట్రోల్‌ని 6500 దాకా తిప్పేవాళ్లకి 103 లీటర్లు, వాళ్లు రెండుంపావు గానీ రెండున్నర గానీ వేసుకోవచ్చు. మూడించులు అవసరమైన కారు నాకు మా వరంగల్ వైపు ఒక్కటీ కనబడలేదు.

మరి మూడించుల మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి, విదేశాల్లో 500, 600 హార్స్‌పవర్ బండ్ల ఫోటోలు చూసి. రెండోది మన ఆటోనగర్ల నుంచి. అక్కడ లారీ సామాను సులువుగా, చవగ్గా దొరుకుతుంది, లారీ ఇంటర్‌కూలర్ గొట్టాలు రెడీగా వేలాడుతుంటాయి. ఆరు లీటర్ల లారీ ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర 112 లీటర్లు లాగుతుంది, 76 పైపులో అది 28 మీటర్లు. అంటే కరీంనగర్ నుంచి గ్రానైట్ రాళ్లు మోసే లారీకి సరిపోయే పైపు అది. మీ 1.2 లీటర్ల కారు ఇంజన్‌కి కావలసింది అందులో సగం కన్నా తక్కువ, 52 లీటర్లే. లారీ మెకానిక్ చెప్పింది లారీకి నిజమే. కారుకి ఆ మాట అతకదు.

లావు పెంచితే నిజంగా ఎంత మిగులుతుంది

పైపులో రాపిడికి, మలుపులకి కొంత బూస్ట్ పోతుంది. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నష్టం నాలుగింతలు. ఇక్కడ బూస్ట్‌కీ పాత్ర ఉంది: బూస్ట్ పెరిగితే గాలి వేగం మారకపోయినా బరువెక్కుతుంది, బరువైన గాలిని తోయడానికి ఎక్కువ ఒత్తిడి పోతుంది. అందుకే ఎక్కువ బూస్ట్ నడిపేవాళ్లు నేను చెప్పిన 30-50లో కింది అంకె వైపు ఉండటం మంచిది.

నా బండికి రెండున్నర మీటర్ల పైపు, నాలుగు చక్కటి మలుపులు, 1 బార్ బూస్ట్ (బార్ అంటే ఒత్తిడి కొలత, 1 బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) అనుకుని లెక్క వేస్తే 51 పైపులో పోయేది దాదాపు 0.055 బార్. 63.5 పైపులో 0.02. 76లో 0.01 కన్నా కాస్త తక్కువ. చూశారా, రెండు నుంచి రెండున్నరకి వెళ్తే 0.035 బార్ మిగిలింది, అక్కడి నుంచి మూడుకి వెళ్తే మిగిలింది ఒక్క 0.01. ఆ 0.01 కోసం నేను బంపర్ కోయించుకున్నాను.

లావు పైపుకి ఇంకో ఖర్చుంది. రెండున్నర మీటర్ల 51 పైపులో పట్టేది 4.3 లీటర్లు, 63.5లో 7, 76లో 10 లీటర్లు దాటుతుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టర్బో ముందు ఈ ఖాళీనంతా నింపి ఒత్తిడికి తేవాలి, ఆ తర్వాతే ఇంజన్‌కి బూస్ట్ అందుతుంది. 1 బార్ బూస్ట్‌కి రావాలంటే ఆ ఖాళీలో ఎన్ని లీటర్లున్నాయో అన్ని లీటర్ల మామూలు గాలి అదనంగా నింపాలి. 51కీ 76కీ తేడా 6 లీటర్లు, అంటే నా ఇంజన్ బూస్ట్ లేకుండా 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనులో ఏడో వంతులో పీల్చేంత గాలి. టర్బో ఒకవైపు ఇంజన్‌ని నడుపుతూనే దీన్నీ నింపాలి కాబట్టి కాలు తొక్కినప్పుడు ఆ ఆలస్యం తెలుస్తుంది. హైవే మీద పెద్దగా కనబడదు. హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ వైపు ట్రాఫిక్‌లో రెండో గేర్‌లో లాగేటప్పుడు, ములుగు రోడ్డులో లారీని దాటేటప్పుడు బాగా కనబడుతుంది. మనం రోజూ నడిపేది అక్కడే కదా. అయితే ఈ ఆలస్యం (ల్యాగ్) అంతా పైపు వల్లే అనుకోవద్దు, పెద్ద టర్బో, పెద్ద ఇంటర్‌కూలర్ కోర్ (లోపల గాలి చల్లబడే జాలీ భాగం) వల్ల వచ్చేది ఇంతకన్నా ఎక్కువ.

డబ్బు పెట్టే ముందు కొలవండి

ఇది ఎవరూ చేయరు, నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే. టర్బో నోటి దగ్గర ఒకసారి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే భాగం) దగ్గర ఒకసారి, ఒకే బూస్ట్ గేజ్‌తో ఫుల్ యాక్సిలరేటర్ మీద ఎంతొస్తుందో చూడండి. గేజ్ చదివే మనిషి పక్క సీట్లో ఉండాలి, డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉండాలి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోండి. రెండింటి మధ్య తేడా 0.1 నుంచి 0.15 బార్ లోపు ఉంటే మీ పైపులూ ఇంటర్‌కూలరూ బాగానే ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం కోర్‌లోనే పోతుంది, పైపు మార్చితే తిరిగొచ్చేది తక్కువ. తేడా 0.3 దాకా ఉంటే అప్పుడు కారణం వెతకాలి. చాలాసార్లు కారణం పైపు లావు కాదు, ఎక్కడో నొక్కుకుపోయిన గొట్టం, లోపలి పొర ఊడి మడతపడిన పాత రబ్బరు, ఆయిల్‌తో నిండిన కోర్, లేదా చిన్న లీకు.

వేడి వైపు, చల్ల వైపు

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయేది వేడి వైపు, ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కి (ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) పోయేది చల్ల వైపు. పైన కట్టిన లెక్క చల్ల వైపుది. మన మే నెల ఎండలో 45 డిగ్రీల గాలిని 1 బార్ బూస్ట్‌కి నొక్కితే, టర్బో 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకున్నా బయటికొచ్చేసరికి 145 డిగ్రీల దగ్గరుంటుంది. డిసెంబర్‌లో 15 డిగ్రీల పొద్దున అదే బండిలో 105. అంటే రామగుండం ఎండలో తిరిగే బండికి ఇంటర్‌కూలర్ పని ఎంత పెరుగుతుందో చూడండి.

వేడి గాలి ఉబ్బి ఉంటుంది కాబట్టి వేడి వైపు అదే గాలి 25 శాతం దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. నా బండికి 88 కాస్తా 110 లీటర్లవుతుంది, 51 పైపులో వేగం 64. ఇది ఇంకా భరించగలిగేదే. చాలామంది వేడి వైపు సన్న పైపు, చల్ల వైపు లావు పైపు వేస్తారు. దానికి కారణం టర్బో నోరు చిన్నగా ఉండటం, థ్రాటిల్ నోరు పెద్దగా ఉండటం, ఇంజన్ పక్కన చోటు తక్కువగా ఉండటం. నేను పాటించే పద్ధతి ఇది: వేడి వైపు టర్బో నోటి కన్నా సన్నగా ఎప్పుడూ వేయను, లెక్క ఒప్పుకుంటే అదే సైజు ఉంచుతాను. చల్ల వైపు థ్రాటిల్ బాడీ సైజు దాకా వెళ్తాను, దాన్ని దాటను. థ్రాటిల్ 57 ఉంటే దాని ముందు 76 పైపు పెట్టి చివర్లో మళ్లీ దించడంలో అర్థం లేదు. సైజు మార్చాల్సిన చోట ఒక్కసారిగా మెట్టులా కాకుండా పొడుగ్గా, సాఫీగా సాగే రిడ్యూసర్ (రెండు సైజుల్ని కలిపే ముక్క) వాడండి, ముఖ్యంగా సన్నం నుంచి లావుకి వెళ్లేటప్పుడు.

నా బండికి చివరికి వేడి వైపు 51, చల్ల వైపు 57 పెట్టాను. లెక్కలో 63.5 కూడా వచ్చేది. కానీ 63.5 పైపు మీద 5 ఎం.ఎం. సిలికాన్ గొట్టం, దాని మీద క్లాంప్ బోల్టు వస్తే జాయింటు దగ్గర 85 ఎం.ఎం. దాకా చోటు కావాలి, నా రేడియేటర్ ఫ్యాన్ పక్కన అంత లేదు. చోటు లేనిచోట లావు పైపుని ఇరికించి నొక్కడం కన్నా ఒక సైజు తగ్గించి మలుపులు సాఫీగా ఉంచుకోవడం మేలు.

మలుపుల దగ్గరే అసలు ఆట

సాఫీగా వంచిన 90 డిగ్రీల మలుపు ఒకటి, అడ్డంగా కోసి అతికించిన మూల ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే రెండోదాంట్లో పోయే ఒత్తిడి నాలుగింతలకి పైనే. 57 పైపులో అలాంటి కోసిన మూల ఒక్కటి పెట్టినా, 51 నుంచి 57కి వెళ్లి సంపాదించుకున్న దాంట్లో చాలాభాగం అక్కడే వదిలేసినట్టు. కాబట్టి లావు గురించి అడిగే ముందు మలుపు ఎలా చేస్తారని షాపులో అడగండి. మాండ్రెల్ బెండ్ కావాలి, అంటే వంచేటప్పుడు లోపల అచ్చు పెట్టి గుండ్రం పోకుండా వంచింది. సైలెన్సర్ పైపులు వంచే మామూలు మెషీన్ మీద వంచితే లోపలి వైపు చదునుగా నొక్కుకుపోతుంది, 63 పైపు అక్కడ 63 పని చేయదు. వరంగల్‌లో మాండ్రెల్ బెండ్లు వెంటనే దొరక్కపోతే 45, 90 డిగ్రీల రెడీ ముక్కలు తెప్పించుకుని కావలసినంత కోసి ఆర్గాన్ వెల్డింగ్ చేయించుకోవచ్చు, నేను అలాగే చేశాను. వెల్డింగ్ చేసేవాళ్లకి ముందే చెప్పండి, లోపలికి లోహం కారి గడ్డకట్టకూడదు, కారితే ఫైల్‌తో రుద్ది ఊడ్చి ఇవ్వాలి. ఆ రజను ముక్క ఒక్కటి సిలిండర్లోకి పోతే పిస్టన్‌కి ప్రమాదం. పైపు బిగించే ముందు నీళ్లతో, తర్వాత గాలితో కడిగి, తెల్ల గుడ్డ లాగి చూడండి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా.

వంపు వ్యాసార్థం పైపు డయాకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 51 పైపుకి 76 ఎం.ఎం., 63.5కి 95, 76కి 114. లావు పైపు మలుపులకి ఎంత చోటు తింటుందో ఇక్కడే తెలిసిపోతుంది.

కొనకముందే చోటు చూసుకోవడానికి మంచి ఉపాయం ఒకటుంది. పొలాలకి వేసే పీవీసీ పైపు 50, 63, 75 ఎం.ఎం. బయటి డయాల్లో దొరుకుతుంది, అల్యూమినియం సైజులకి దాదాపు సమానం. ఏ ఊళ్లోనైనా పైపుల దుకాణంలో అర మీటరు ముక్క, రెండు బెండ్లు తెచ్చుకుని బానెట్ కింద పెట్టి చూడండి, ఎక్కడ తగులుతుందో, ఎక్కడ క్లాంప్ బిగించడానికి చెయ్యి దూరదో తెలుస్తుంది. జాగ్రత్త, పైపుల దుకాణంలో "రెండించులది" అంటే 63 ఎం.ఎం. ఇస్తారు, అల్యూమినియం దుకాణంలో రెండించులంటే 51. ఎక్కడైనా మిల్లీమీటర్లలోనే అడగండి. ఇంకో ముఖ్యమైన మాట, ఆ పీవీసీని కొలతకి తప్ప బండిలో ఒక్క కిలోమీటరు కూడా వాడొద్దు. 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, వేడి వైపు 145 ఉంటుందని పైన చూశాం.

జాయింట్లు

నా బండి అడవిలో ఆగింది ఇక్కడే కాబట్టి కాస్త విసుగొచ్చినా చదవండి. పైపు ప్రతి చివరా అంచు కొద్దిగా పైకి లేపి ఉండాలి, దాన్నే బీడ్ అంటారు. బీడ్ లేకపోతే క్లాంప్ ఎంత బిగించినా నున్నటి అల్యూమినియం మీద సిలికాన్ జారుతుంది. లేత్ షాపులో చిన్న రోలర్‌తో చేసిస్తారు, లేదంటే చుట్టూ సన్నగా వెల్డింగ్ గీత వేయించి సాపు చేయించండి. గొట్టం బీడ్ దాటి కనీసం రెండు సెంటీమీటర్లు లోపలికి పోవాలి, క్లాంప్ బీడ్‌కి వెనక కూర్చోవాలి, బీడ్ మీద కూర్చోకూడదు. 1 బార్ దాటే బూస్ట్‌కి టీ-బోల్ట్ క్లాంపులే (వెడల్పు పట్టీని బోల్టు, నట్టుతో బిగించేవి) వాడండి, మామూలు స్క్రూ క్లిప్పులు గొట్టాన్ని కోస్తాయి. బిగించే ముందు పైపు, గొట్టం రెండూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి ఆరనివ్వండి. టర్బో బండ్లలో లోపల కాస్త ఆయిల్ పొర ఎప్పుడూ ఉంటుంది, అది ఉన్నచోట పట్టు దొరకదు. ఆ ఆయిలే మామూలు సిలికాన్‌ని ఏడాది, రెండేళ్లలో మెత్తబరుస్తుంది కూడా, అందుకే వేడి వైపు లోపల ఫ్లోరోసిలికాన్ (ఆయిల్‌ని తట్టుకునే సిలికాన్) పొర ఉన్న గొట్టం అడిగి తీసుకోండి, కొంచెం ఖరీదు ఎక్కువైనా.

ఇంజన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట మెత్తటి గొట్టం ఉండాలి, పొడవాటి పైపుకి ఒక బ్రాకెట్ ఉండాలి, చుట్టూ రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే మన రోడ్ల గుంతలకి అల్యూమినియం వెల్డింగ్ దగ్గర చిట్లుతుంది.

అంతా బిగించాక రోడ్డు ఎక్కకముందు లీక్ చూడండి. టర్బో వైపు, థ్రాటిల్ వైపు చివరలకి మూతలు క్లాంపులతో గట్టిగా బిగించి, రెగ్యులేటర్ పెట్టిన కంప్రెసర్‌తో మెల్లగా మీ బూస్ట్ దాకా గాలి నింపి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. పంచర్ షాపులో ట్యూబు చూసినట్టే, బుడగలు వచ్చిన చోట లీకు. మూతలకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వొద్దు, ఊడితే రాయిలా వచ్చి తగులుతుంది. రెగ్యులేటర్ లేని టైరు కంప్రెసర్ నేరుగా పెట్టొద్దు.

కొన్ని బండ్లకి ఇదేదీ వర్తించదు

ఫోక్స్‌వాగన్, స్కోడా 1.0, 1.5 టీఎస్ఐ ఇంజన్లలో ఇంటర్‌కూలర్ ఇంజన్ మీదే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గరే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది, ముందు బంపర్ దాకా గాలి పైపే ఉండదు. వాటికి పైపు లావు గురించి ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషి బానెట్ ఎత్తి చూడలేదన్నమాట. బూస్ట్ సెన్సర్ చల్ల వైపు పైపు మీద ఉండే బండ్లలో కొత్త పైపుకి అదే కొలతలో సెన్సర్ కూర్చునే గూడు చేయించాలి, ఓ-రింగ్ కొత్తది వేయాలి. గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఇంటర్‌కూలర్ పైపులోనే ఉన్న బండి అయితే అక్కడి డయా మార్చొద్దు, మారిస్తే సెన్సర్ గాలిని తప్పుగా లెక్కిస్తుంది, డీజిలైనా పెట్రోలైనా మిశ్రమం చెడిపోతుంది. వారంటీలో ఉన్న బండి అయితే పైపులు ముట్టుకోకపోవడమే మంచిదని నా మాట, వారంటీ అయ్యేదాకా గేజ్ పెట్టి కొలుస్తూ ఉండండి.

మొన్న మా బావమరిది స్కార్పియోకి మూడించులు వేయిస్తానని వచ్చాడు. గేజ్ పెట్టి చూస్తే టర్బోకీ మానిఫోల్డ్‌కీ మధ్య 0.28 బార్ తేడా. "బావా, చూశావా, పైపు సన్నగున్నది" అన్నాడు. వేడి వైపు గొట్టం తీసి చూస్తే లోపలి పొర ఊడి సగం నోరు మూసేసింది. అదే సైజు కొత్త గొట్టం, రెండు క్లాంపులు వేశాం, తేడా 0.12కి వచ్చింది. ఆ రోజే కాజీపేట వంతెన మీద నుంచి ఎక్కించి చూశాడు. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక వచ్చి క్లాంపులు ఒకసారి మళ్లీ బిగించుకుపొమ్మని చెప్పాను, సిలికాన్ మొదట్లో కాస్త సర్దుకుంటుంది, మీరూ మర్చిపోకుండా అది చేయండి.